నెల్లూరు, ఒంగోలు జూనియర్ కాలేజీలకు బహిరంగ లేఖ: ‘సీటు పక్కా’ అనే ముందు లెక్క చూపించండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎంపీసీ నడిపే ప్రైవేటు జూనియర్ కాలేజీల యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, డీన్లకు, అడ్మిషన్ కౌంటర్లో కూర్చునే సార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

నేను కావలిలో నెట్ సెంటర్ నడుపుతాను. జేఈఈ అప్లికేషన్లు, హాల్ టికెట్లు, ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు, ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లో చాయిస్ ఫిల్లింగ్, ఏటా ఎండాకాలం నుంచి వానలు పడేదాకా నా పని ఇదే. అటు ఉదయగిరి, వింజమూరు, కలిగిరి నుంచి, ఇటు ఉలవపాడు, కందుకూరు నుంచి పిల్లలు వాళ్ల అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వస్తారు. అడ్మిషన్ రోజున మీరు చెప్పిన మాట నిలబడిందా లేదా అన్నది రెండేళ్ల తర్వాత తేలేది మా సెంటర్‌లో, కంప్యూటర్ ముందు. అప్పుడు వాళ్ల పక్కన మీరుండరు, నేనుంటాను. అందుకే ఈ లేఖ.

అడిగేది ఒక్కటే. ఒక పిల్లకో పిల్లాడికో ఐఐటీ, ఎన్ఐటీ సీటు వచ్చే అవకాశం ఎంతుందో చెప్పేటప్పుడు ఆ మాట ఏ లెక్క మీద చెబుతున్నారో కూడా కాగితం మీద రాసివ్వండి. లెక్క లేకుండా పక్కా అనొద్దు, లెక్క లేకుండా నీవల్ల కాదు అని కూడా అనొద్దు.

పోయిన సీజన్‌లో కలిగిరి వైపు నుంచి ఒకాయన కూతుర్ని తీసుకుని వచ్చాడు. పొగాకు రైతు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఫీజు రసీదులు, అమ్మాయి ర్యాంకు కార్డు, వాటితో పాటు నాలుగు మడతలు పెట్టిన ఒక తెల్ల కాగితం. జేఈఈ మెయిన్ జనవరి సెషన్ రిజల్ట్ వచ్చాక వాళ్ల కాలేజీలో ఒక సారు బాల్‌పెన్‌తో రాసిచ్చిన కాగితం అది. ‘95 దాటింది, ఎన్ఐటీ ష్యూర్, సీఎస్ఈ ట్రై చేయొచ్చు’ అని ఉంది, కింద సంతకం లేదు, తేదీ లేదు. అమ్మాయికి 95 పైన ఏదో పాయింట్లు వచ్చాయి, ర్యాంకు చూస్తే 72 వేల దగ్గర. ఓపెన్ కేటగిరీ. జోసా వాళ్లు పెట్టే పాత ఏళ్ల క్లోజింగ్ ర్యాంకుల పేజీ (ఏ సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చూపేది) తీసి, అమ్మాయిల సీట్లు ఎంచుకుని, ఎన్ఐటీల సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) వరుసలన్నీ ఒక్కొక్కటే కిందికి జరుపుతూ చూపించాను. ఆయన వేలు స్క్రీన్ మీద పెట్టి ప్రతి అంకె దగ్గరా ఆగాడు. చాలాసేపటికి అడిగాడు: ‘నూటికి తొంభై అయిదంటే మంచి మార్కులే గదన్నా?’

ఆయన రెండేళ్లపాటు వేలం డబ్బు వచ్చినప్పుడల్లా తెచ్చి ఫీజు కట్టాడు. పర్సంటైల్ అంటే మార్కులు కాదని ఆ రెండేళ్లలో ఆయనకు ఒక్కరూ చెప్పలేదు. పేరెంట్స్ మీటింగ్‌కు పిలిచి గంటసేపు మాట్లాడతారు కదా సార్, అందులో అయిదు నిమిషాలు చాలు ఈ ముక్క చెప్పడానికి. పర్సంటైల్ అంటే మన పిల్ల వెనకాల ఎంతమంది ఉన్నారన్న లెక్క. 2025లో రెండు సెషన్లూ కలిపి మెయిన్ పేపర్ 1, అంటే ఇంజినీరింగ్ పేపర్, రాసినవాళ్లు దాదాపు 14.75 లక్షల మంది. నూరులోంచి మన పర్సంటైల్ తీసేస్తే మిగిలినంత శాతం మంది మన ముందున్నట్టు. 95 వస్తే ముందు 73 వేల పైచిలుకు మంది, 97 వస్తే 44 వేలు, 99 వస్తే 14, 15 వేలు. రెండు పాయింట్ల తేడాలో ముప్ఫై వేల ర్యాంకులు పోతాయి. ఈ లెక్కకు పెద్ద చదువు అక్కర్లేదు, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే ఏ తండ్రైనా వేసుకుంటాడు, కానీ వేసుకోవాలని ఆయనకు ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఇక ‘క్వాలిఫై’ అనే మాట. మీ ఫ్లెక్సీల మీద, పాంప్లెట్ల మీద ఎక్కువగా కనిపించేది ఇదే. మెయిన్‌లో క్వాలిఫై అంటే ఐఐటీ సీట్ల కోసం పెట్టే అడ్వాన్స్‌డ్ రాయడానికి అర్హత వచ్చిందని, అంతే. అన్ని కేటగిరీలూ కలిపి సుమారు రెండున్నర లక్షల మందికి ఆ అర్హత ఇస్తారు. 2025లో ఓపెన్ వాళ్లకు ఆ కటాఫ్ 93.1, ఓబీసీ వాళ్లకు 79.4. అంటే 80 పర్సంటైల్ వచ్చిన ఓబీసీ కుర్రాడు కూడా క్వాలిఫై అయినట్టే, వాడి ఆలిండియా ర్యాంకు మాత్రం మూడు లక్షల దరిదాపుల్లో ఉంటుంది. వాడి ఫొటో ఫ్లెక్సీ మీద వేసి కింద క్వాలిఫైడ్ అని రాస్తే ఊళ్లో వాళ్లు వాడికి సీటు వచ్చేసిందనుకుని స్వీట్లు తెస్తారు. ఆ పిల్లాడు జులైలో ఊళ్లో తలెత్తుకుని తిరగలేక నా దగ్గర కూర్చుని ఏడ్చిన సంగతి మీదాకా రాదు. అడ్వాన్స్‌డ్ సంగతీ అంతే. 2025లో అందులో అర్హత వచ్చినవాళ్లు 54 వేల మంది పైన, 23 ఐఐటీల్లో కలిపి ఉన్న సీట్లు 18 వేల పైన. అర్హత వచ్చిన ముగ్గురిలో ఇద్దరికి ఐఐటీ లేదు.

ఎంతమందికి వచ్చింది అని పెద్ద అక్షరాల్లో వేస్తారు, ఎంతమంది రాస్తే అంతమందికి వచ్చిందన్నది ఎక్కడా ఉండదు. నెల్లూరు క్యాంపస్ గోడ మీద ఉన్న ఫొటోల్లో నెల్లూరు క్యాంపస్‌లో చదివినవాళ్లు ఎందరు? ఒంగోలు క్యాంపస్ నుంచి ఎంపీసీలో మొత్తం ఎందరు చేరారు, ఎందరు మెయిన్ రాశారు, ఎందరు అడ్వాన్స్‌డ్ దాకా వెళ్లారు, చివరికి ఎందరు ఐఐటీలో, ఎన్ఐటీలో, ట్రిపుల్ ఐటీలో చేరారు? ఈ అంకెలు ఒక్క వరుసలో రాసిపెడితే పదో తరగతి పిల్లాడి తండ్రి తన బిడ్డకున్న అవకాశాన్ని మీ సాయం లేకుండానే సగం అర్థం చేసుకుంటాడు. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2024 నవంబర్‌లో కోచింగ్ ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. సీటు గ్యారంటీ అనకూడదు, ఫొటో వేస్తే ఆ విద్యార్థి ఏ కోర్సు చేశాడు, ఎన్నాళ్లు చేశాడు అన్నది కూడా వేయాలి, సెలెక్టయ్యాకే వాళ్ల అనుమతి తీసుకోవాలి. అదే ఏడాది జనవరిలో కేంద్ర విద్యాశాఖ కూడా ర్యాంకు గ్యారంటీ మాటలు వద్దంది. మాది జూనియర్ కాలేజీ, కోచింగ్ సెంటర్ కాదు అని మీరు అనొచ్చు. కానీ ఐఐటీ కోచింగ్ పేరుతోనే కదా సార్ ఆ ఫీజు తీసుకునేది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను, ఎందుకంటే ఈ విషయంలో మీ దగ్గరున్నంత సమాచారం ఈ రెండు జిల్లాల్లో ఇంకెవరి దగ్గరా లేదు. ప్రతి వారం టెస్టు పెడతారు. డిసెంబర్‌లో, మార్చిలో గ్రాండ్ టెస్టులు పెడతారు. ఆ మార్కులన్నీ ఏళ్ల తరబడి మీ కంప్యూటర్లలో ఉన్నాయి, ఆ పిల్లలకు చివరికి ఏ ర్యాంకు వచ్చిందో కూడా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టండి. డిసెంబర్ గ్రాండ్ టెస్టుల్లో 300కి 140, 160 మధ్య తెచ్చుకున్న పిల్లలు గత మూడేళ్లలో మీ క్యాంపస్‌లో వందమంది ఉన్నారనుకుందాం, వాళ్లలో 20 వేల లోపు ర్యాంకు ఎందరికి వచ్చింది, 50 వేల లోపు ఎందరికి, దాటినవాళ్లు ఎందరు? ఆ లెక్క తీసి, ‘మీ అమ్మాయి ఇప్పుడు ఈ వందమంది గుంపులో ఉంది, ఇలాంటి వాళ్లలో పాతిక మందికి ఎన్ఐటీ వచ్చింది, డెబ్బై అయిదు మందికి రాలేదు’ అని చెప్పండి. నాలుగో వంతు అవకాశం అంటే ఏమిటో రైతుకు బాగా తెలుసు, ఏటా వానను నమ్ముకుని నారు పోసేవాడికి మీరు కొత్తగా నేర్పక్కర్లేదు. విన్నాక ఆయన ఆ అవకాశం కోసం పోరాడమంటాడో, ఈఏపీసెట్ మీద గట్టిగా కూర్చోమంటాడో ఆయన ఇష్టం, ఆ పిల్ల ఇష్టం. పక్కా అన్న ఒక్క మాటతో ఆ ఎంపిక వాళ్ల చేతిలోంచి మీరు లాగేసుకుంటున్నారు.

కాదు అన్న మాట కూడా అంతే ప్రమాదం. ఉలవపాడు వైపు పిల్లాడొకడు, ఓబీసీ. ఫస్టియర్‌లో దసరా సెలవులకు ముందే సెక్షన్ మార్చి, నువ్వు ఎంసెట్ (ఈఏపీసెట్ పాత పేరు) బ్యాచ్, మెయిన్ నీకు అనవసరం అని క్లాసులో అందరి ముందూ చెప్పారు. సెకండియర్‌లో వాడి అప్లికేషన్ కూడా కాలేజీ పెట్టలేదు, చివరి రోజు సాయంత్రం వాడే పరుగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. ప్రత్యేకంగా కోచింగ్ లేకుండా రాశాడు. తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో సగం సీట్లు మన రాష్ట్రం వాళ్లకే, వాడికి కేటగిరీ ర్యాంకు వేరే ఉంటుంది, ఈ రెండూ కలిపి వాడి దారి ఎంత దూరమో ఎవరూ చూడలేదు, వారం టెస్టులో కింద ఉన్నాడని తేల్చేశారు. చివరి రౌండులో ఆఖరి బ్రాంచి ఎక్కడ ఆగిందో దానికి కాస్త అవతల వాడి ర్యాంకు ఆగింది. ఆ ఏడాదిన్నర వాడిని ఆ సెక్షన్‌లోనే ఉంచి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను, కానీ వద్దు అనడానికి మీ దగ్గర ఏ లెక్కా లేదన్నది మాత్రం గట్టిగా చెప్పగలను.

కేటగిరీ ర్యాంకు అన్నాను కాబట్టి అది కూడా. ఏటా నా దగ్గర జరిగే గొడవల్లో ఇదే ముందుంటుంది. జోసా పట్టికలో ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, ఎస్సీ, ఎస్టీ వరుసల్లో కనిపించేవి ఆయా కేటగిరీ ర్యాంకులు, ఆలిండియా ర్యాంకులు కావు. ఒక పిల్లాడికి ఆలిండియా ర్యాంకు 50 వేల చిల్లర, ఓబీసీ ర్యాంకు 17 వేల చిల్లర ఉందనుకోండి, 50 వేలు పట్టుకుని ఓబీసీ వరుసలో వెతికితే ఏమీ దొరకదు, వాళ్ల నాన్న నిరాశపడి మర్నాడే ఏదో డీమ్డ్ యూనివర్సిటీకి అడ్వాన్స్ కట్టేస్తాడు. దీనికి రివర్స్ కూడా చూశాను, ఓబీసీ ర్యాంకు పట్టుకుని ఓపెన్ వరుసలో చూసి సీటు వచ్చేసిందని ఊరంతా చెప్పుకున్నవాళ్లు. అమ్మాయిలకు విడిగా సీట్లున్నాయి, 2018 నుంచి ఐఐటీల్లో, ఎన్ఐటీల్లో, వాటి క్లోజింగ్ ర్యాంకులు వేరే వరుసలో ఉంటాయి, అది కూడా సగం మంది ఆడపిల్లల తల్లిదండ్రులకు తెలియదు.

సర్టిఫికెట్ల విషయం ఇంకా ఘోరం. మన రాష్ట్రం బీసీ సర్టిఫికెట్ ఉంటే చాలనుకుంటారు. జోసాకు కావాల్సింది కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్, అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చింది. రాష్ట్రంలో బీసీ అయినా కేంద్రం జాబితాలో లేని కులాలు కూడా ఉన్నాయి. ఈడబ్ల్యూఎస్‌కూ కొత్త ఆర్థిక సంవత్సరం సర్టిఫికెట్టే కావాలి. ఇది జూన్‌లో కౌన్సెలింగ్ మొదలయ్యాక నా దగ్గర తెలుసుకుని సచివాలయానికి, తహసీల్దారు ఆఫీసుకు పరుగెడితే ఆ టెన్షన్ చెప్పనలవి కాదు, టైముకు పెట్టలేకపోతే ఆ పిల్ల ఓపెన్ కేటగిరీలోకి పోతుంది, అప్పటిదాకా మీరు వేసిన అంచనా మొత్తం పనికిరాకుండా పోతుంది. ఏప్రిల్ మొదటి వారంలో మీ ఆఫీసు నుంచి ఒక వాట్సాప్ మెసేజ్ పెడితే పోయేదానికి ఇన్ని కష్టాలు.

మన రెండు జిల్లాల వాళ్లను బాగా ఇబ్బందిపెట్టే చిక్కు ఒకటుంది. ఈఏపీసెట్‌లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకు, అయితే లోకల్ అంటే జిల్లా కాదు, యూనివర్సిటీ ప్రాంతం. నెల్లూరు ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) ప్రాంతం, ప్రకాశం ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) ప్రాంతం. కావలి పిల్లాడికీ సింగరాయకొండ పిల్లాడికీ ఒకే ర్యాంకు, ఒకే కేటగిరీ ఉన్నా, తిరుపతి ఎస్వీయూ ఇంజినీరింగ్ కాలేజీలో ఒకడు లోకల్, ఇంకొకడు కాదు, కాకినాడ జేఎన్టీయూకి వస్తే తిరగబడుతుంది. పైగా ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్ అవుతారు. కాబట్టి తొమ్మిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని కావలి నుంచి ఒంగోలుకో, విజయవాడకో తీసుకెళ్లి హాస్టల్లో వేసిన పిల్లాడు ఏయూ లోకల్ అయిపోతాడు. ఆ సంగతి చేర్చుకునే రోజున చెప్పే బాధ్యత మీకుంది. నష్టమే అని నేననను, కొందరికి అదే మేలు కావచ్చు, కానీ తెలిసి చేయడం వేరు, కౌన్సెలింగ్ రోజున తెలియడం వేరు. అలాగే ఏర్పేడు దగ్గర ఐఐటీ తిరుపతి, తడ దాటితే శ్రీసిటీ ట్రిపుల్ ఐటీ మన పక్కనే ఉన్నాయి కాబట్టి మనకు కోటా ఉంటుందని మీ కౌంటర్లలో కొందరు చెబుతున్నారు. లేదు. ఐఐటీల్లో రాష్ట్రం కోటా అనేదే లేదు. వరంగల్ ఎన్ఐటీలో సొంత రాష్ట్రం సీట్లు తెలంగాణవి, మనం అక్కడ బయటి రాష్ట్రం వరుసలోనే చూసుకోవాలి.

ఇంటర్ మార్కుల గురించి రెండు మాటలు. మెయిన్ ర్యాంకుతో ఎన్ఐటీలో చేరాలంటే ఇంటర్‌లో 75 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 65, లేదా బోర్డులో పై 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఈఏపీసెట్ ర్యాంకులో 25 శాతం వెయిటేజీ ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ మార్కులదే, కరోనా రోజుల్లో తీసేసి 2023లో మళ్లీ పెట్టారు. లాంగ్వేజీలు వదిలేయండి అని పిల్లలతో అనేముందు ఆ 75 శాతం గుర్తుపెట్టుకోండి.

లాంగ్ టర్మ్ గురించి కూడా అడుగుతున్నాను. రిజల్ట్ వచ్చిన వారంలోనే ఇంటికి ఫోన్లు చేసి, ఇంకో ఏడాది కూర్చుంటే ఐఐటీ గ్యారంటీ అంటున్నారు. అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లలో రెండుసార్లే రాయొచ్చు. అంటే లాంగ్ టర్మ్ పిల్లాడికి అదే ఆఖరి అవకాశం, మూడో ఏడు లేదు. మెయిన్ మూడేళ్ల దాకా రాయొచ్చు కాబట్టి ఎన్ఐటీ కోసమైతే లెక్క వేరు. ఆ ఇంటికి ఫోన్ చేసినప్పుడు ముందు ఇది చెప్పండి, ఆ తర్వాత పోయినేడు మీ లాంగ్ టర్మ్‌లో కూర్చున్నవాళ్లలో ఎందరికి ర్యాంకు మెరుగైంది, ఎందరికి అలాగే ఉంది, ఎందరికి ఇంకా దిగిపోయింది అన్నది చెప్పండి. ఏడాది ఫీజు, హాస్టల్, అన్నిటికన్నా ముందు పద్దెనిమిదేళ్ల పిల్లల జీవితంలో ఒక ఏడాది, చిన్న విషయం కాదు.

అంచనాలు తప్పుతాయని నాకూ తెలుసు. ఒక షిఫ్టు పేపర్ తేలిగ్గా, ఇంకొకటి కష్టంగా వస్తుంది, ఒక ఏడాది సీట్లు పెరుగుతాయి, ఇంకో ఏడాది అందరూ సీఎస్ఈ మీద పడితే ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) క్లోజింగ్ ర్యాంకు కాస్త కిందికి దిగుతుంది. తప్పినందుకు మిమ్మల్ని ఎవరూ నిలదీయరు. ఒక్క ర్యాంకు చెప్పకుండా ఇంత నుంచి ఇంత వరకు అని చెప్పండి, మూడేళ్ల క్లోజింగ్ ర్యాంకులు పక్కన వేయండి, ఏ రౌండు, ఏ కేటగిరీ, సొంత రాష్ట్రమా కాదా, అమ్మాయిల సీటా కాదా రాయండి, కింద తేదీ వేసి సంతకం పెట్టండి. ఆ కాగితం తెచ్చిన తండ్రికి నేను సగం టైములో ఆప్షన్లు పెట్టగలను, ఆయనకూ కింద ఏమేం పెట్టుకోవాలో ముందే తెలుస్తుంది.

మొదట క్యాంపస్ లెక్క ఇవ్వండి. జనవరి సెషన్ రిజల్ట్ వచ్చేలోపు, పోయినేడు మీ క్యాంపస్‌లో ఎంపీసీ చదివినవాళ్లు ఎందరు, మెయిన్ రాసినవాళ్లు ఎందరు, 50 వేల లోపు ఎందరు, ఐఐటీ, ఎన్ఐటీ, ట్రిపుల్ ఐటీల్లో నిజంగా చేరినవాళ్లు ఎందరు, ఒక్క పేజీ చాలు. కాలేజీ స్టాంపు వేసి పంపండి. కావలి సెంటర్‌లో పేరెంట్స్ కూర్చునే బెంచీ పైన గోడకు అంటిస్తాను, అడిగినవాళ్లకు కాపీ డబ్బు తీసుకోకుండా ప్రింటు తీసిస్తాను.